చిలకమర్తివారి నవ్వు ఏమైనది?

మహారాష్ట్రులు తమ హాస్యరచయితను ఎట్లు నెత్తిన పెట్టుకొనిరో చూచినప్పుడు ఆంధ్రులమైన మనకు కొంచెము సిగ్గు కలుగక తప్పదు. పురుషోత్తమ లక్ష్మణ దేశపాండేగారు 1919 నవంబరు 8వ తేదీన బొంబాయిలో పుట్టి, 2000 జూన్ 12వ తేదీన పుణెలో గతించిరి. మరాఠీలు వారిని పూర్తి పేరుతో పిలువరు, 'పు.ల.' యన్న చాలును. 'బటాట్యాచీ చాళ్' అను గ్రంథమున బొంబాయిలోని యొక లోగిలిలో క్రిక్కిరిసి కాపురముండు సామాన్య కుటుంబముల బ్రదుకును వారు వ్రాసిరి. వ్రాసి యూరకుండక, రంగస్థలముపై తామొక్కరే నిలిచి ఆ లోగిలినంతటిని అభినయించి చూపిరి. 'వ్యక్తి ఆణి వల్లీ' యను సంపుటమునకు 1965లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. బెర్నార్డు షా వ్రాసిన 'పిగ్మేలియన్' నాటకము వారి చేతిలో 'తీ ఫులరాణీ' యై మరాఠీ యింటి బిడ్డవలె మాటలాడ నేర్చినది. ఇదంతయు నొక యెత్తు. 1975లో అత్యవసర పరిస్థితి విధింపబడినప్పుడు జనులను నవ్వించు నీ మనుష్యుడు నోరు మూసికొని కూర్చుండలేదు. 1977 ఎన్నికలలో సభలెక్కి ఆ పాలనను ఎదిరించి మాటలాడిరి. తాము బలపరచిన పక్షము గెలిచిన పిదప ఏ పదవికిని చేయి చాపక మరల తమ రచనలకు పోయిరి. నవ్వించువాడు విదూషకుడు కాడు, ఇంటి పెద్ద యని మహారాష్ట్రులు గ్రహించిరి.

అట్టివారు మనకు లేరా? కలరు. పు.ల. పుట్టుటకు ఏబది రెండేండ్లకు పూర్వమే, 1867 సెప్టెంబరు 26వ తేదీన, నాటి గోదావరి మండలములోని ఖండవల్లి గ్రామమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు జన్మించిరి. నాటకములు, ప్రహసనములు, నవలలు, పత్రికావ్యాసములు, పద్యములు, తుదకు స్వీయచరిత్రము — వారు చేయి పెట్టని ప్రక్రియ అరుదు. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి 'కళాప్రపూర్ణ' బిరుదమొసగినది. 1946 జూన్ 17వ తేదీన, స్వరాజ్యము వాకిటికి వచ్చి నిలిచిన వేళ, మరియొక్క యేడాది ఆగక వెడలిపోయిరి. పానుగంటివారి 'సాక్షి'ని, మొక్కపాటివారి 'బారిష్టరు పార్వతీశము'ను, భమిడిపాటి కామేశ్వరరావుగారి హాస్యమును మేము మరువలేదు. కాని నాటకశాలయందును, నవలయందును, దేశసేవయందును ఒక్క నవ్వునే మూడు పనులకు వాడుకొన్నవారు చిలకమర్తివారు. అందుచేతనే పు.ల.గారి ప్రక్కన కూర్చుండబెట్టదగిన తెలుగువారు ఎవరన్న ప్రశ్నకు మా సమాధానము వారే.

వారి పేరు చెప్పగానే నంద్యాలలోని బడిపిల్లవాడు మొదలు ఆళ్లగడ్డలోని వృద్ధుడగు రైతువరకు ఒక్క పద్యమునే జ్ఞప్తికి తెచ్చుకొందురు. 1907లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి స్వదేశోద్యమమును గూర్చి ఉపన్యసించిన సభలో వారు చదివిన పద్యమది. దేశమును పాడియావుగను, మనలను కడుపు కాలుచున్న లేగలుగను, దొరలను ఆ లేగల నోటికి చిక్కము వేసి చుక్క మిగులకుండ పాలు తీసికొను కాపరులుగను ఆ పద్యము చూపును. అచ్చుయంత్రమును అడుగకయే, పోలీసులను లెక్కింపకయే అది నోటినుండి నోటికి ప్రాకి ఆంధ్రదేశమంతట వ్యాపించినది. పాడియు పంటయు నెరిగిన జనమునకు అంతకంటె తెలియునట్లు అర్థశాస్త్రమును బోధించినవారు లేరు. అయితే ఆ పద్యమును నడిపించునది కోపము కాదనియు, వెక్కిరింత యనియు గమనించినవారు కొలదిమంది. అదే కవి నోట పకోడిపైకూడ పద్యము వచ్చినది. దేశభక్తిని, పకోడిని ఒక్క నాలుకతోనే చెప్పగల మనుష్యుని మనము దేశభక్తుని చేసి గోడకు తగిలించితిమి. నవ్వును మాత్రము ఇంటికి తెచ్చుకొనలేదు.

లక్ష్మీనరసింహముగారికి బాల్యమునుండి రేచీకటి. పగటిపూట చూపు కొంత పనిచేసెడిది. ప్రొద్దు గ్రుంకిన పిదప లోకము వారికి చెవులలోనే యుండెడిది. క్రమముగా పగటి చూపుకూడ పోయి సంపూర్ణముగా అంధులైరి. ఒకరు చదువ వినుచు, తాము చెప్పుచు, మరియొకరు వ్రాయుచుండగా వారి గ్రంథములు పుట్టినవి. 'ఆంధ్ర మిల్టను' అని కొందరు, నవలలు చూచి 'ఆంధ్ర స్కాటు' అని కొందరు వారిని పొగడిరి. ఆంగ్లేయుల పేర్లతో మనవారిని కొలుచుట ఆ కాలపు జబ్బు, దానిని అట్లుంచుదము. మాకు తోచునది వేరు. నాటకము రాత్రి ఆడునది. దీపముల వెలుతురులో రంగుపూసిన వేషములను అందరు చూచెదరు. రేచీకటిగల నాటకకర్తకు ఆ వేషములు ఎంతవరకు కనబడి యుండును? ఆయనకు దక్కినది మాట మాత్రమే. కనుకనే వారి నాటకములలోని వచనమునకు చెవిని పట్టుకొను గుణమున్నది. ఎవరు మాటలాడుచున్నారో పేరు చెప్పకున్నను తెలియును. కొట్లాటలో గొంతు ఎక్కడ పెరుగునో, అబద్ధమాడువాడు ఎక్కడ తడబడునో వారికి తెలిసినట్లు కన్నులున్న నాటకకర్తలలో పలువురకు తెలియదు.

రాజమహేంద్రవరములో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు నాటకసమాజము నడుపుచుండగా వారి కొరకు 1889లో 'కీచకవధ'ను వ్రాయుటతో చిలకమర్తివారి నాటకరచన ఆరంభమైనది. ఆ వెంటనే వచ్చిన వానిలో 'గయోపాఖ్యానము' మిక్కిలి పేరు గాంచినది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవని దీనికి ప్రసిద్ధి. హనుమంతరావు నాయుడుగారి సమాజములో వేషములు కట్టిన కుర్రవారిలో టంగుటూరి ప్రకాశము ఒకడు. నాయుడుగారు ఒంగోలునుండి ఆ బీదపిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చి చదువు చెప్పించిరి. ఆ బాలుడే 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. గోదావరి యొడ్డున చిలకమర్తివారి నాటకములాడిన సమాజములో ముఖమునకు రంగు పూసికొన్న చేయి, మన కర్నూలులో రాజ్యాంగపు కాగితములపై సంతకము చేసినది. నంద్యాల, ఆళ్లగడ్డలవారు గోదావరి కవిని పరాయివానిగా తలపరాదనుటకు ఇదియొక్కటే చాలును.

గయోపాఖ్యానపు కథ అందరెరిగినదే. గయుడను గంధర్వుడు ఆకాశమార్గమున పోవుచు ఉమిసిన తాంబూలము, క్రింద అర్ఘ్యమిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిట పడినది. కావలెనని చేసినది కాదు. కృష్ణుడు వానిని చంపుదునని ప్రతిజ్ఞ పట్టెను. గయుడు పరుగెత్తి అర్జునుని పాదములపై పడెను. ఎవరివలన భయమో తెలియకముందే అర్జునుడు అభయమిచ్చెను. తెలిసిన పిదప ఇచ్చిన మాటను వెనుకకు తీసికొనుట యెట్లు? అన్న యొకప్రక్క, మగడొకప్రక్క, నడుమ సుభద్ర. ప్రాణస్నేహితులు, బావమరదులు, నరనారాయణులు — ఒక్క తాంబూలపు ఉమ్మికొరకు సేనలను కూర్చుకొని ఎదురెదురుగా నిలిచిరి.

కర్నూలు మండలమువారికి ఇది పురాణమా? చేనిగట్టు తగవుతోనో, ఎన్నికల నాటి మాటతోనో, బండి దారి ఇవ్వలేదన్న పంతముతోనో మొదలై రెండు మూడు తరములు సాగిన కక్షలను ఈ సీమ చూచినది. మొదటి తప్పు ఎవరిదో మనుమలకు తెలియదు. మాట ఇచ్చినామన్నది మాత్రము తెలియును. 'ఆశ్రయించినవానిని విడువను' అను గొప్ప ధర్మమును, 'నాకు అవమానము జరిగినది' అను చిన్న కోపమును ఒకదానికొకటి ముడివేసి, ఆ ముడి ఎంత హాస్యాస్పదమో కవి నాటకమంతట చూపినాడు. దేవుడంతటివాడే పంతమునకు పోయి తప్పించుకొను దారి లేక కూర్చుండిన దృశ్యమును చూచి జనము నవ్వవలెను. నవ్విన వెనుక తన యింటి పంతము గుర్తునకు రావలెను. గయోపాఖ్యానములోని వైద్యము ఇది. దీనిని మనము ఏమి చేసితిమి?

నేటి ప్రదర్శనములలో తరచుగా మిగులుచున్నవి ఎదుర్కోలు పద్యములు. కృష్ణుడొక పద్యము, అర్జునుడొక పద్యము. ఒకని రాగము పది నిమిషములు, ఇంకొకని రాగము పండ్రెండు నిమిషములు. 'వన్సుమోరు' అని కేకలు. హార్మోనియము ఊపిరాడక మూలుగుచుండును. నడుమనున్న వచనము, ఇంటివారి మందలింపులు, చాతుర్యపు సంభాషణలు 'ప్రొద్దు పోవుచున్నది' అను నెపముతో కత్తిరింపబడుచున్నవి. పంతమును వెక్కిరించుటకు పుట్టిన నాటకమునుండి వెక్కిరింతను తీసివేసి పంతమును మాత్రము పాడించుకొనుచున్నాము. ఇంతకంటె విపరీతము కలదా? మీసము దువ్వుటకు ఒక పద్యము కావలెనన్నచో దానికొరకు చిలకమర్తివారిని శ్రమపెట్టనక్కరలేదు.

రాయలసీమ రంగస్థలమునకు ఇది స్వభావము కాదు. మరాఠీ సంబంధముకూడ మనకు క్రొత్త కాదు. మహారాష్ట్రమునుండి వచ్చిన తోలుబొమ్మలాటవారి వంశజులైన వనారసవారు 1885లో కడప మండలములోని సురభి గ్రామమున నాటకమాడి సురభి సమాజములకు మూలపురుషులైరి. తెలుగు నాటకమును ఊరూర మోసినవారిలో అగ్రగణ్యులు ఇంటిలో మరాఠీ మాటలాడిన కుటుంబములవారు! గోదావరిసీమలో సయితము 1880లో ధార్వాడ నాటకసమాజము వచ్చి ఆడిపోయిన పందిటిలోనే కందుకూరి వీరేశలింగముగారు తమ శిష్యులచేత తెలుగు నాటకములాడించిరి. ఇటు బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, కోలాచలము శ్రీనివాసరావుగారు సమాజములు నెలకొల్పిరి. వారి వెనుక వచ్చినవాడు బళ్లారి రాఘవ. తాడిపత్రిలో పుట్టిన ఈ వకీలు పద్యమును సాగదీయుటను సహింపలేదు. నాటకమనగా పాటకచ్చేరి కాదని పోరాడెను. మాటకును, ముఖమున కదలు భావమునకును పెద్దపీట వేసెను. ఆయనయు 1946లోనే, ఏప్రిలు 16వ తేదీన, చిలకమర్తివారికి రెండు నెలలు ముందుగా గతించెను. మన సీమలో పుట్టిన ఆ మహానటుని పేరు చెప్పుకొనుచు, ఆయన కాదన్నదానినే నెత్తిన పెట్టుకొనుట మన వింత భక్తి.

చిత్రము ఏమనగా, గయోపాఖ్యానములోని హాస్యమును కాపాడినది నాటకశాల కాదు, సినిమా. 1963లో వచ్చిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము'నకు ఆధారము చిలకమర్తివారి నాటకమే. తీసినవారు కె.వి. రెడ్డిగారు, వారిదికూడ తాడిపత్రియే. అందు రామారావుగారు కృష్ణుడు, నాగేశ్వరరావుగారు అర్జునుడు. యుద్ధము పేరు పెట్టిన ఆ చిత్రములో యుద్ధముకంటె సరసమెక్కువ. జనము నవ్విరి, మరల మరల చూచిరి. నవ్వు ఆడదని, రాగమే ఆడునని చెప్పు కాంట్రాక్టర్లకు ఈ యొక్క దృష్టాంతము చాలవలెను.

'గణపతి'ని గూర్చి చెప్పకున్న ఈ వ్యాసమునకు అర్థము లేదు. 1920లో వెలువడిన ఈ నవల మూడు తరముల కథ. నాయకుడు గణపతి సోమరి, మూఢుడు, తిండిపోతు, తగవులమారి. మేనరికపు పిల్లను గాని మరియొక పిల్లను గాని సవ్యముగా పొందలేక, నిద్రించుచున్న బాలికను రాత్రివేళ ఎత్తుకొనిపోయి పెండ్లియాడిన ఘనుడు. ఇవి చదువునప్పుడు కడుపు చెక్కలగును. కాని ఆ నవ్వు క్రిందనే ఆతని తల్లి పిచ్చమ్మ యున్నది. మగడు పోయి, కూలికి విసరియు, ఒకరి యిండ్ల వండియు కొడుకును పెంచి, ఆ కొడుకుచేతనే దెబ్బలు తిన్న స్త్రీ. మగపిల్లవాడను గారాబముతో ఇల్లిల్లు ఎట్లొక గణపతిని తయారుచేయుచున్నదో గ్రంథకర్త ఉపన్యాసము చెప్పలేదు, చూపి నవ్వించెను. ఎవరిని చూచి నవ్వించెను? తాము పుట్టిన బ్రాహ్మణ కులమునే. తనకంటె బలహీనుని వేషమును, యాసను, ఒడ్డుపొడుగును వెక్కిరించి చప్పట్లు కొట్టించుకొను నేటి హాస్యగాండ్రకును వారికిని భేదమిక్కడ నున్నది. విజయవాడ ఆకాశవాణివారు 'గణపతి'ని రేడియో నాటకముగా ప్రసారము చేసినప్పుడు ఇండ్లలో జనము పని మానుకొని వినిరి. వినికిడితో పుట్టిన గ్రంథము వినికిడికే చేరుట సహజమే గదా!

అన్నియు గొప్పవని మేము చెప్పము. వారి చారిత్రక నవలలలో కొన్ని టాడు దొరగారి రాజస్థానచరిత్ర వాసన విడువనివి. ఇప్పుడు చదివించుట కష్టము. గణపతిలోనే కొన్ని ఘట్టములు మోటు. బాలిక నెత్తుకొనిపోవు ప్రకరణమును నేటి స్త్రీలు నవ్వుతో చదువజాలరని యన్నచో మేము వాదింపము. అయినను ఆ కాలపు బాల్యవివాహపు వికారమును ఆ ప్రకరణమువలె నగ్నముగా చూపిన సంస్కరణ వ్యాసము మాకు కనబడలేదు.

నవ్వుటతో వారి పని తీరలేదు. 1909లో రాజమహేంద్రవరమున, అప్పటి లోకము అంటరానివారని దూరముగా నుంచినవారి పిల్లలకొరకు, రామమోహనరాయల పేరిట పాఠశాలను స్థాపించి సంవత్సరముల తరబడి నడిపిరి. గాంధీగారు ఇంకను దక్షిణాఫ్రికాలోనే యున్న కాలమది. 'దేశమాత' యను పత్రికను నడిపిరి. కన్నులు కానరాని బ్రాహ్మణుడు పంచముల పిల్లలకు బడి పెట్టి, దాని ఖర్చుకు తిరుగుచుండిన దృశ్యమును, పు.ల.గారు తమ గ్రంథములపై వచ్చిన ధనమును దానధర్మములకు వెచ్చించిన దృశ్యమును ఒకదాని ప్రక్కనొకటి ఉంచి చూడుడు. పుణెలోని ముక్తాంగణమను వ్యసనవిమోచన కేంద్రమునకు తొలి దినములలో దన్నుగా నిలిచినవారు పు.ల. దంపతులే. హాస్యరచయితలు ఊరకే నవ్వింతురని ఎవరైన అన్నచో ఈ రెండు పేర్లు చెప్పవలెను.

నంద్యాలకు పేరు పెట్టు భాగ్యము ఒకమారు దక్కినది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన మహాసభలలోనే, చిలుకూరి నారాయణరావుగారి సూచనవలన, 'దత్తమండలము'లన్న దాస్యపు పేరు పోయి 'రాయలసీమ' యను పేరు నిలిచినది. నంద్యాల ఇప్పుడు, 2022 ఏప్రిలు 4వ తేదీనుండి, తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణము. ఆళ్లగడ్డ అందులో చేరినది. తిరునాళ్లకు, దేవుని పెండ్లికి, సంక్రాంతికి ఈ యూళ్లలో నాటకములు పెట్టించు పెద్దలు నేటికిని కలరు. డబ్బు వారిది, ఏ నాటకము, ఎంతసేపు, ఎవరి వేషము అను నిర్ణయమును వారిదే. కాబట్టి మా విన్నపము పండితులకు గాక వారికి.

సమాజమువారికి తాంబూలమిచ్చి బయానా చెల్లించునాడు ఒక షరతు వేయుడు. గయోపాఖ్యానము ఆడినచో పుస్తకములో నున్న వచనమంతయు ఆడవలెను; రాగమునకు మేర పెట్టవలెను; సుభద్ర మాటలను, నారదుని మాటలను కత్తిరింపరాదు. ఇష్టమున్నచో ఎదుర్కోలు పద్యములకు చదివింపులు చదివించుకొనుడు, వలదనము. కాని అంతే మొత్తమును వచనము చక్కగా చెప్పినవానికిని చదివింపుడు. పాటగాని కంటె మాటగానికి ఒక్కసారియైన రూపాయి ఎక్కువ దక్కినచో సమాజములవారు వచ్చే యేటికి తామే మారుదురు. వారి సంగతి మాకు తెలియును. ఊరి గ్రంథాలయమున చిలకమర్తివారి ప్రహసనములను, 'గణపతి'ని, స్వీయచరిత్రమును తెప్పించి యుంచుడు. ప్రహసనములకు రాజుల వేషములు, కిరీటములు అక్కరలేదు. బడిపిల్లలు పంచెలతో, చీరలతో ఒక సాయంకాలము ఆడగలరు. ఎదిరి పక్షమువారి వీధిలోని పిల్లలకుకూడ అందులో వేషములిండు. సెప్టెంబరు 26వ తేదీకి వ్యవధి చాలనిచో సంక్రాంతి యున్నది.